సమస్య: నారదున కొక్క చోటనే నాటె పదము

సంచాలకుడు:
ఈ సమస్య భాగవతం షష్ఠస్కంధం చదువుతున్నప్పుడు తట్టింది. సృష్టికార్యానికి పంపిన తన కొడుకులు హర్యశ్వులను 10,000 మందినీ, వారి తరువాత శబలాశ్వులను 1,000 మందినీ నారదుడు నివృత్తిమార్గం (సంసారాన్ని విడిచే దారి) పట్టించినందుకు దక్షుడు మండిపడి, వంశతంతువును తెంచినవాడా అని సంబోధించి, లోకాలలో తిరిగే నీకు ఎక్కడా పదం (అడుగు) నిలువకుండుగాక అని శపించాడు. మూలంలో ఉన్న మాట కూడా ‘పదమ్’ అనే. తిరిగి శపించగల సమర్థుడై ఉండి కూడా నారదుడు ‘బాఢమ్’ (అలాగే) అని ఆ శాపాన్ని స్వీకరించాడు. ఆ అంగీకారం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాల్మీకి చెప్పినా, వ్యాసుడు చెప్పినా, మన పోతన చెప్పినా, సూరన చెప్పినా, ఆ కథలన్నీ కలిసిన ఒకే లోకంలో ఎవరూ పిలవకుండా వచ్చి, చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, కథను మలుపు తిప్పి వెళ్లిపోయే సంచారి ఇతడొక్కడే. ఈ పాదం చివర వచ్చేలా పై మూడు పాదాలు పూరించి, అటువంటివానికి పదం నాటుకున్నదని ఒప్పించండి.

నారదున కొక్క చోటనే నాటె పదము

చకోరము:
ప్రహ్లాదుని తల్లిని ఇంద్రుడు ఈడ్చుకుపోతుండగా దారిలో చూసి విడిపించి, ఆమె భర్త తపస్సు ముగించుకుని వచ్చేవరకు నారదుడు తన ఆశ్రమంలోనే ఉంచి కాపాడిన ఘట్టాన్ని తీసుకున్నాను.

కడుపులో నున్న పసికందు కథలు వినఁగఁ
దల్లి నాశ్రమ మందుంచి తత్త్వ మొసఁగ
శాపమును దాటి కరుణయే సంకెలయ్యె
నారదున కొక్క చోటనే నాటె పదము

గణదర్శి:
మూడవ పాదం ఎంతో బాగుంది. శాపం తిరగమన్నది, కరుణ ఆగమన్నది. ఆ రెండింటిలో కరుణ గెలిచిందని ‘సంకెల’ అనే ఒక్క మాటతో చెప్పగలిగారు. ‘సంకెలయ్యె’ అన్న క్రియ నాలుగవ పాదంలోని ‘నారదునకు’తో అతుకుతున్నది కనుక సమస్యాపాదం తెచ్చి తగిలించినట్టు లేదు. మొదటి పాదంలోని ‘కథలు’ మాత్రం యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) కోసం వచ్చినట్టు కనిపిస్తున్నది. ఆ గర్భస్థశిశువు విన్నది ధర్మతత్త్వమూ జ్ఞానమూ అని ప్రహ్లాదుడే తన తోటి బాలురకు చెప్పుకుంటాడు. రెండవ పాదంలో మీరే ‘తత్త్వము’ అన్నారు. అటువంటప్పుడు పై పాదంలో కథలెందుకు?

పాతగంటము:
గణదర్శిగారు యతి మాట ఎత్తారు కనుక నేనొక సంగతి గుర్తు చేయవలసి ఉన్నది. ధ్రువునిపై సమస్య ఇచ్చినప్పుడు ‘మధువనమునకుఁ బొమ్మని మౌని పలికె’ అని నేను వ్రాస్తే, మకారానికి ‘మౌ’తో యతి చెల్లదని చకోరముగారు తీర్పు చెప్పారు. అ, ఆ, ఐ, ఔ లకు పరస్పరం యతి చెల్లుతుందన్నది ఛందస్సు చదివినవారందరికీ తెలిసిన విషయం. ఆ పద్యంలో నారదుడు అయిదేళ్ల పసివానికి దారి చూపుతున్నాడు. ఆ గంభీరమైన క్షణంలో ‘మౌని’ అన్న మాట తప్ప మరొకటి నాకు పనికిరాలేదు. ఆనాడు ఆ పద్యం చర్చ లేకుండా పక్కకు పోయింది. ఇప్పుడు యతికోసం కథలను తెచ్చుకున్నవారు ఆనాటి మౌనిని ఒకసారి తలచుకోవాలి.

ఇక నా పూరణ. తుంబురునిపై అసూయతో నారదుడు ద్వారకలో కృష్ణుని భార్యలైన జాంబవతి, సత్యభామ, రుక్మిణుల వద్ద సంగీతం అభ్యసించినట్లు సూరన కళాపూర్ణోదయంలో వర్ణించాడు. నేను ‘పదము’ను పాటగా తీసుకున్నాను.

తుంబురుని పాట విని లోన తొట్రువడుచుఁ
గృష్ణు రాణుల దరిఁ జేరి కృతులు నేర్చి
వీణ మేళవించి రక్తి వెలయఁ బాడ
నారదున కొక్క చోటనే నాటె పదము

చకోరము:
ధ్రువుని పద్యం విషయంలో నేను పొరబడ్డాను. ఆ యతి చెల్లుతుంది. ఈ మాట ఆనాడే చెప్పి ఉండవలసింది. గణదర్శిగారి అభ్యంతరం కూడా న్యాయమైనదే. ‘కథలు’ స్థానంలో ‘గరిమ’ పెట్టి చూశాను, అది ఇంకా బలహీనపడింది, కనుక ఆ లోపాన్ని ఒప్పుకుని ఉంచేస్తున్నాను.

అయితే పాతగంటముగారి మూడవ పాదంలో ఒక అక్షరం జారిపోయింది. ‘వీణ’, ‘మేళవిం’ అయ్యాక ‘చి రక్తి’ మిగులుతున్నది. అది జగణం (లఘువు, గురువు, లఘువు), అక్కడ నిలువదు. ‘రక్తి’ తీసి ‘రహిని’ పెడితే నలము (నాలుగు లఘువుల గణం) సరిగా కుదురుతుంది, అర్థమూ చెడదు: ‘వీణ మేళవించి రహిని వెలయఁ బాడ’. గణం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. పాట నాటుకున్నదని పూరించారు, ఎక్కడ నాటుకున్నదో చెప్పలేదు. ఈ సమస్యలో బరువంతా ‘ఒక్క చోట’ అన్న మాట మీదనే ఉన్నది. ఆ చోటు పేరు చెప్పకుండా పదానికి శ్లేష కూర్చినంత మాత్రాన పూరణ పూర్తి కాదు.

తామరాకు:
నేను ‘పదము’ను పాదంగానే ఉంచాను. కృష్ణుడు ఒక్కడై ఉండి 16,000 మంది భార్యలతో వేర్వేరు ఇళ్లలో ఎలా కాపురం చేస్తున్నాడో చూడాలని నారదుడు ద్వారకకు వచ్చిన దశమస్కంధ ఘట్టం ఇది.

ఇంటి నుండి వేఱొక యింటి కేగఁ గాంచె
నొకనినే కృష్ణు నెల్లెడ నొక్కరీతి
నడుగు లెన్నైన నేమి? యా యడుగులందె
నారదున కొక్క చోటనే నాటె పదము

గణదర్శి:
‘అడుగులు’ ఒకే పాదంలో రెండుసార్లు వచ్చి రెండు అర్థాలిచ్చింది. మొదటివి నారదుడు వేసిన అడుగులు, రెండవవి కృష్ణుని పాదాలు. యతిస్థానంలోనే ఆ మాట పడడం వల్ల చదివేవారి నోరు దాని మీద తప్పనిసరిగా ఆగుతుంది. ఆ ఆగడంలోనే అర్థం మారుతుంది. ఇన్నాళ్లలో ఇక్కడ నేను చూసిన శబ్దచమత్కారాలలో ఇంత సహజంగా వచ్చినది అరుదు. ఒకే ఒక మాట: ‘అందె’ అన్న తరువాత మళ్లీ ‘చోటనే’ వచ్చింది. నొక్కి చెప్పడం రెండు మార్లు అవసరం లేదు. ‘యా యడుగులందు’ అంటే సరిపోతుంది.

తామరాకు:
సవరణకు కృతజ్ఞుణ్ణి. ‘అడుగులందు’ అనే ఉంచుతాను.

చకోరము:
తామరాకుగారి పద్యానికి మూలంలో మరొక బలం ఉన్నది. ఆ ఘట్టంలో మొదట అడుగుపెట్టిన ఇంట్లో రుక్మిణి వీచే గాలిలో కూర్చున్న కృష్ణుడు నారదుణ్ణి చూడగానే లేచి, అతని కాళ్లు కడిగి, ఆ నీటిని తన తల మీద చల్లుకుంటాడు. మరో ఇంట్లో చూస్తే పాచికలాడుతూ ఉంటాడు. కాబట్టి ‘ఆ యడుగులు’ అన్నప్పుడు ఎవరి అడుగులు ఎవరి చేతిలో ఉన్నాయన్న ఆలోచన పాఠకునికి వస్తుంది. తిరిగి తిరిగి అలసిన పాదాలను కడిగినవాని పాదాలలోనే ఆ పాదాలు నాటుకున్నాయి. ఈ భావం పద్యంలో చెప్పలేదు, కానీ చెప్పినట్టే వినిపించింది. నా సంకెల కన్నా ఇది బలమైన కట్టు అని మనస్ఫూర్తిగా అంటున్నాను.

గణదర్శి:
నాదీ ఒక పూరణ ఉన్నది. సంచాలకులు మొదట చెప్పిన మాటే దీనికి ప్రేరణ. రామకథను సంక్షేపంగా వాల్మీకికి చెప్పి వెళ్లినవాడూ, సరస్వతీతీరంలో కుంగిపోయి కూర్చున్న వ్యాసుని వద్దకు వచ్చి భగవంతుని లీలలు పాడమన్నవాడూ, ధర్మరాజు సభకు వచ్చి రాజ్యం ఎలా నడుస్తున్నదో ఒక్కొక్కటే గుచ్చి గుచ్చి అడిగినవాడూ ఒక్కడే అయినప్పుడు, ఇన్ని కథలలో మారకుండా ఉన్నదేమిటని ఆలోచించాను.

కవులు పలువురు పిలువంగఁ గదలి వచ్చి
యెన్ని కథలందొ యడుగిడి యేగుఁ గాని
నాలుకను దాటి పోవదు నామ మొకటె
నారదున కొక్క చోటనే నాటె పదము

పాతగంటము:
‘పదము’ను మాటగా తీసుకుని, నాలుకను దాని చోటుగా చూపడం ఈ సమస్యకు దొరికే సూటి పరిష్కారం. చోటు పేరు కూడా చెప్పారు. చకోరముగారు నాకు పెట్టిన పరీక్షలో ఈ పద్యం నెగ్గింది. కానీ ‘పిలువంగ’ అన్నారే, నారదుణ్ణి ఏ కవి పిలిచాడు? అతడు పిలుపు లేకుండా వస్తాడు. అదే కదా అతని ప్రత్యేకత. ప్రహ్లాదుని తల్లి కథలో కూడా అతడు యాదృచ్ఛికంగా ఆ దారిన పోతూ ఆమెను చూశాడు. ఎవరో కబురు పంపితే వచ్చినవాడు కాడు.

గణదర్శి:
పిలిచినది కథలోని పాత్రలు కావు, కవులు. కథ ముడిపడి ముందుకు కదలనప్పుడు కవి తన మనసులో పిలుచుకునేది నారదుణ్ణే. పాత్రలకు అది యాదృచ్ఛికం, కవికి మాత్రం అవసరం.

పాతగంటము:
ఆ భేదాన్ని నేను గమనించలేదు. ‘పిలువంగ’ ఉండదగినదే.

తామరాకు:
దక్షుని శాపం గురించి నా మనసులో ఉన్నదొకటి చెప్పాలి. నారదుని సంచారం శాపంతో మొదలైందని అందరం అనుకుంటున్నాం. ప్రథమస్కంధంలో అతడు తన పూర్వజన్మను తానే చెప్పుకుంటాడు. అప్పుడతడు ఒక దాసి కొడుకు. తల్లి పాము కాటుకు చనిపోయాక ఆ చిన్న వయసులోనే ఒంటరిగా ఉత్తరదిశగా నడిచి, నదులూ అడవులూ దాటి, ఒక రావిచెట్టు కింద కూర్చుని ధ్యానించాడు. హరి ఒక్క క్షణం కనబడి మాయమయ్యాడు. ఆ క్షణాన్ని మళ్లీ పొందాలన్న తపనతోనే అతడు తిరుగుతున్నాడని నేను నమ్ముతాను. అందుకే దక్షుడు ‘నీకు నిలకడ లేకుండుగాక’ అన్నప్పుడు అతనికి కొత్తగా పోయినదేమీ లేదు. ‘బాఢమ్’ అన్న మాటలో నాకు ఓర్పుతో పాటు ఒక రకమైన సంతోషం కూడా వినిపిస్తుంది.

సంచాలకుడు:
తామరాకుగారు ఇప్పుడు చెప్పిన మాటలు తమ పద్యానికే వ్యాఖ్యానంగా కుదిరాయి. ద్వారకలో ఆ మొదటి ఇంట్లో కృష్ణునితో నారదుడు చెప్పిన శ్లోకంలో ‘ధ్యాయంశ్చరామి’ అన్న మాట ఉన్నది. నీ పాదాలను చూశాను, వాటిని ధ్యానిస్తూ తిరుగుతాను, ఆ స్మృతి నాకు ఉండేలా అనుగ్రహించు అని దాని భావం. తిరగడం మానడు, పాదాలనూ విడువడు. మిగిలిన పూరణలలో నారదుడు ఆగాడు, లేదా పదం అర్థం మారింది. ఈ పద్యంలో మాత్రం సంచారిని సంచారిగానే ఉంచి, శాపాన్ని శాపంగానే ఉంచి, సమస్యను నిజం చేశారు. ‘అందు’ సవరణతో ఈ పూరణను ఉత్తమంగా ప్రకటిస్తున్నాను.

ఎవరూ ఎంచుకోని మార్గం ఒకటి మిగిలిపోయింది. ఏకాదశస్కంధం రెండవ అధ్యాయం మొదటి శ్లోకంలోనే, గోవిందుని భుజాల రక్షణలో ఉన్న ద్వారకలో నారదుడు కృష్ణోపాసన మీది ఆశతో తరచుగా నివసించాడని శుకుడు చెప్పాడు. గోవిందుని భుజరక్షణ ఉన్న చోట దక్షశాపం పనిచేయదని వ్యాఖ్యాతలు దాన్ని సమన్వయించారు. నేను సమస్య ఇచ్చినప్పుడు మనసులో ఉన్నది ఆ శ్లోకమే. మీరు దాని కన్నా మంచి దారులు కనుగొన్నారు.

చకోరముగారి మూడవ పాదాన్ని, గణదర్శిగారి రెండవ పాదాన్ని నేను కంఠస్థం చేసుకున్నాను. పాతగంటముగారు సవరించిన పద్యం పంపుతారని ఎదురుచూస్తున్నాను.

పాతగంటము:
చకోరముగారు ఇచ్చిన ‘రహిని’ మంచి మాట. కానీ చోటు లేదన్న వారి రెండవ అభ్యంతరం అంతకన్నా బలమైనది, అందువల్ల ఆ పాదం మొత్తాన్నే తీసివేసి తిరిగి వ్రాశాను. ‘అందె’ వచ్చి పునరుక్తి కాకుండా కూడా జాగ్రత్త పడ్డాను.

తుంబురుని పాట విని లోన తొట్రువడుచుఁ
గృష్ణు రాణుల దరిఁ జేరి కృతులు నేర్చి
వెదకి వేసారి తుద కాత్మవీణ మీఁద
నారదున కొక్క చోటనే నాటె పదము

ఆ వీణ భగవంతుడు ఇచ్చినదని నారదుడే వ్యాసునితో చెప్పుకున్నాడు. పాటను ఇతరుల దగ్గర వెదికినవానికి అది తన చేతిలోనే ఉన్నదని తెలియడమే నా భావం.

చకోరము:
ఇప్పుడు చోటు ఉన్నది, గణాలు ఉన్నాయి, ‘ఆత్మవీణ’ అన్న మాట కూర్పులో తన వీణ అన్న అర్థంతో పాటు లోపలి వీణ అన్న అర్థమూ పలుకుతున్నది. ఈ పద్యం తీర్పుకు ముందే వచ్చి ఉంటే సంచాలకులకు పని కష్టమయ్యేది. ఒక్క ‘వేసారి’ దగ్గర మాత్రం నా మనసు ఆగుతున్నది. నారదుడు అలసిపోయాడని ఏ కథలోనూ చదివిన గుర్తు లేదు.

పాతగంటము:
అలసినది కాళ్లు కావు, అసూయ.