వార్షికోత్సవం: పిల్లల బ్యాండ్ ఇరవై నిమిషాలకు వాలంటీర్లు కావాలి

కల్చరల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మన పిల్లలు ఈసారి సినిమా పాటలు వద్దన్నారు. చనిపోయిన తమ స్నేహితురాలు కట్టిన పాటలే వాయిస్తారట. దీన్ని సంతాప సభ చేయొద్దు, ఆ అమ్మాయి కచేరీలాగే జరగాలి. ఉపన్యాసాలు ఉండవు. తను ఎలా పోయిందన్న మాట యాంకర్ నోట కూడా రాకూడదు. తన పేరు, పాట పేరు చెబితే చాలు.

పాటల హక్కులు ఇప్పుడు కుటుంబానివి. రచయిత పోయాక ఇండియాలో 60 ఏళ్ళు, అమెరికా, బ్రిటన్‌లలో 70 ఏళ్ళు వారసులకే ఉంటాయి. స్టేజీ మీద వాయించడానికి, వీడియో ఆన్‌లైన్‌లో పెట్టడానికి విడివిడిగా అనుమతి కావాలి. ఫోన్లో అడిగే విషయం కాదు, నేనే ఇంటికెళ్ళి అడుగుతాను. అమ్మానాన్నలు ఆ రోజు వస్తారో రారో వాళ్ళిష్టం. ఎవరూ బలవంతపెట్టకండి.

సౌండ్ టీమ్:
అక్కా, ఆ అమ్మాయి ఫోన్‌లోని ఒరిజినల్ ఫైళ్ళు ఇప్పించండి, ఫార్వర్డ్ చేసిన కాపీలు వద్దు. ముందు మూడు కాపీలు తీసి, ఒకటి వేరే ఇంట్లో పెడదాం. ల్యాప్‌టాప్‌లో పాటల ప్రాజెక్టులుంటే (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాచిన ఫైళ్ళు), ఒక్కో ట్రాకునీ, అంటే గొంతు, గిటార్ ఇలా ఒక్కోదాన్నీ, విడిగా వేవ్ ఆడియో ఫైల్ చేస్తాను. రేపు ఆ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ప్లగిన్లు (సౌండ్‌ని మార్చే చిన్న ప్రోగ్రాములు) దొరక్కపోయినా పాట పోదు.

ఆ అమ్మాయి క్లిక్ (లయ తప్పకుండా చెవిలో వినిపించే టిక్‌టిక్) లేకుండా పాడింది కాబట్టి లయ అక్కడక్కడా సాగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు, కానీ చేయను. డ్రమ్స్ బాబు ఇయర్‌ఫోన్‌లో ఆ అమ్మాయి గొంతు వింటూ దాని వెంటే వెళ్ళాలి. శ్రుతి కాస్త దిగి ఉంటే గిటార్లే దిగాలి. చరణానికి ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది. నాయిస్ గట్టిగా తగ్గిస్తే అదీ పోతుంది. కాస్త గరగర ఉన్నా అలాగే ఉంచుతాను.

బ్యాండ్ నుంచి:
అంకుల్, థ్యాంక్స్. రెండో చరణం తను రాయలేదు. ఎవరితోనైనా రాయించి పూర్తి చేయమని కొందరు ఆంటీలు అంటున్నారు. మేం రాయించం. అక్కడ వయొలిన్ ఒక్కటే వాయించి, మళ్ళీ తన పల్లవికి వస్తాం.

కల్చరల్ కోఆర్డినేటర్:
సరేనమ్మా, పాట విషయంలో మీదే తుది మాట. కానీ రిహార్సల్‌కి ముందే ఒక చిన్న గదిలో, పెద్దవాళ్ళెవరైనా పక్కనుండగా ఆ రికార్డింగులు అందరూ కలిసి వినండి. ఆ గొంతు మొదటిసారి హాల్ స్పీకర్లలో వినిపిస్తే తట్టుకోవడం కష్టం. ఎవరి భాగం వాళ్ళు ముందే రికార్డు చేసి పెట్టుకోండి. ఆ రోజు ఎవరైనా వాయించలేకపోతే అది వేద్దాం, కారణాలు అడగం.

స్టేజీ పక్క గది ఖాళీగా ఉంచుతున్నాం. పిల్లల దగ్గర ఊరికే కూర్చోగలిగినవాళ్ళు, ప్రశ్నలు వేయనివాళ్ళు ఇద్దరు కావాలి. శనివారంలోగా పేర్లివ్వండి.