రాక్‌స్మిత్ ఆటతో నిజమైన గిటార్ వస్తుందా? శబ్దం ఆలస్యం, వేళ్ల అలవాట్ల గురించి సందేహాలు

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. గిటార్‌కు పూర్తిగా కొత్త. మా అన్నయ్య తన ఎలక్ట్రిక్ గిటార్‌ను, యూబీసాఫ్ట్ వారి రాక్‌స్మిత్ 2014 ఎడిషన్ (తెరపై వచ్చే స్వరాలను నిజమైన గిటార్‌తో వాయిస్తూ నేర్చుకునే ఆట) ఉన్న కంప్యూటర్‌ను, గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే రియల్ టోన్ కేబుల్‌ను నాకు ఇచ్చారు. కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి కలిపి ఆడుతున్నాను. తీగ మీటిన తరువాత కొంత ఆలస్యంగా టీవీలో శబ్దం వస్తోంది. తెరపై వచ్చే స్వరాలను చాలావరకు అందుకోగలుగుతున్నాను గాని, ఆట ఆపి గిటార్‌ను ఒక్కదాన్నే చేతిలోకి తీసుకుంటే ఏమీ వాయించలేకపోతున్నాను. సినిమా పాటలు పాడేవారికి తోడుగా కార్డులు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి పలికించేవి) వాయించాలన్నది నా కోరిక. ఈ దారిలో అది సాధ్యమేనా?

మొదటి సమాధానం:

సాధ్యమేనండి. అయితే ముందు ఆ ఆలస్యం సంగతి తేల్చుకోండి, అంతవరకు సాధన మొదలుపెట్టవద్దు. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది. దానిలో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. శబ్దం అంత ఆలస్యంగా చెవికి చేరితే, మీకు తెలియకుండానే చెయ్యి దాన్ని సరిపెట్టుకోవాలని ముందుగా మీటడం మొదలుపెడుతుంది. అలా కుదిరిన లయను తరువాత మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

చాలా ఇళ్లలో ఈ ఆలస్యానికి కారణం టీవీయే. బొమ్మను మెరుగుపరిచే పనిలో టీవీ శబ్దాన్ని కూడా ఆపి ఉంచుతుంది. అందుకే బొమ్మను మాత్రమే టీవీకి పంపి, శబ్దాన్ని కంప్యూటర్‌కు ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు గల హెడ్‌ఫోన్లకో, మామూలు స్పీకర్లకో ఇవ్వండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి అసలు పనికిరావు. టీవీలో గేమ్ మోడ్ (ఆటల కోసం ఆలస్యాన్ని తగ్గించే అమరిక) ఉంటే పెట్టండి. ఆటలో బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదిర్చే అమరిక ఒకటి ఉంది గాని, తీగ మీటినప్పటి నుంచి శబ్దం చెవికి చేరే వరకు పట్టే సమయాన్ని అది తగ్గించలేదు.

అప్పటికీ ఆలస్యం మిగిలితే, ఆట ఫోల్డర్‌లో ఉన్న రాక్‌స్మిత్ ఐఎన్ఐ ఫైలును (ఆట అమరికలు రాసి ఉండేది) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ముందు దాని నకలు ఒకటి దాచుకోండి. అందులో లేటెన్సీ బఫర్ (శబ్దాన్ని వినిపించే ముందు ఎంత నిల్వ ఉంచాలో చెప్పేది) అనే వరుస ఎదురుగా 4 అని ఉంటుంది. దాన్ని 3కు, తరువాత 2కు, ఒక్కో మెట్టు చొప్పున తగ్గించి చూడండి. శబ్ద పరికరాన్ని ఆట ఒక్కటే వాడుకునేలా చేసే ఎక్స్‌క్లూజివ్ మోడ్ 1గానే ఉండాలి. విండోస్ శబ్ద అమరికల్లో కేబుల్‌ను 16 బిట్, 48,000 హెర్ట్జ్‌లో ఉంచండి.

ఇక మీ రెండో బాధ అసలైనది. ఈ ఆట మొదట్లో పాటలోని స్వరాలన్నీ చూపించదు. కొన్నింటిని మాత్రమే ఇచ్చి, మీరు అందుకుంటున్న కొద్దీ మిగిలినవి కలుపుతుంది. ప్రోత్సాహానికి ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది గాని, నాలుగు స్వరాలున్న చోట ఒకటే వాయించేటప్పుడు మీరు ఏ వేలు దొరికితే ఆ వేలు పెడతారు. నాలుగూ వచ్చినప్పుడు ఆ వేళ్ల వరుస సరిపోదు, మళ్లీ మొదటి నుంచి మార్చుకోవాలి. కాబట్టి ఒకే ఖండాన్ని పదేపదే వాయించనిచ్చే రిఫ్ రిపీటర్‌లోకి వెళ్లి పాటలో ఒక చిన్న ఖండాన్ని ఎంచుకుని, కష్టస్థాయిని పూర్తిగా పెంచి, వేగాన్ని సగానికో, అంతకన్నా తక్కువకో దించి వాయించండి. ఖండం చేతికి వచ్చాక కంప్యూటర్ కట్టేసి, అదే ఖండాన్ని నోటితో లెక్క పెట్టుకుంటూ వాయించండి. తెర లేకుండా రానిది ఇంకా రానట్టే. బాగా వచ్చిన పాటలకు స్వరాలను తెరపై క్రమంగా మాయం చేసే మాస్టర్ మోడ్ కూడా ఆటలోనే ఉంది, నా దృష్టిలో అందులోని అత్యుత్తమ భాగం అదే.

రెండో సమాధానం (గిటార్ నేర్పే సభ్యురాలి నుంచి):

పై సలహాతో ఏకీభవిస్తూ, చేతి విషయం చెబుతాను. ఆటకు వినిపించేది రెండే: ఏ స్వరం పలికింది, ఎప్పుడు పలికింది. మీ మణికట్టు వంగిపోయిందా, బొటనవేలు గిటార్ మెడను పట్టి పిసుకుతోందా, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) పైకి కదిలిందా కిందికి కదిలిందా అన్నది దానికి తెలియదు. ఎడమచేతి వేలిని ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) మీద కాకుండా దానికి కొంచెం వెనుక, వేలి కొనతో నొక్కండి. తీగ బరబర అనకుండా ఉండడానికి సరిపడే బలం చాలు. కార్డు పట్టినప్పుడు ఒక తీగ మూగబోయినా ఆట దాన్ని సరైనదిగానే లెక్కించే సందర్భాలుంటాయి, కనుక ప్రతి కార్డునూ ఒక్కో తీగగా మీటి విని చూసుకోండి. నెలకొకసారైనా తెలిసిన వాద్యకారునికి మీ చేతులు చూపించుకోగలిగితే, మిగతా సాధన ఆటకు వదిలేయడంలో నాకు అభ్యంతరం లేదు.

సినిమా పాటలకు తోడు వాయించాలంటే, ఆటలో లీడ్ (ఒంటి స్వరాలతో రాగాన్ని వాయించేది) కాకుండా రిథమ్ (కార్డులతో తోడు వాయించేది) మార్గాన్ని ఎంచుకోండి. అక్కడి పాటలు ఎక్కువగా పాశ్చాత్య రాక్ కావడం వల్ల మంద్ర తీగల మీద పట్టే పవర్ కార్డులే (రెండు మూడు తీగలతోనే పట్టేవి) తరచుగా వస్తాయి. మీకు కావలసిన జి, సి, డి, ఇ మైనర్ వంటి ఓపెన్ కార్డులను (కొన్ని తీగలను నొక్కకుండా ఊరికే మోగనిచ్చేవి), ఒకదాని నుంచి మరొకదానికి మారడాన్ని, ఆట బయట మెట్రోనోమ్ (సమాన లయలో టిక్కుమనే పరికరం) పెట్టుకుని వేరుగా సాధన చేయాలి. పాడేవారి శ్రుతికి తగ్గట్టు మార్చుకోవడానికి ఒక కేపో (గిటార్ మెడకు బిగించి శ్రుతిని పెంచే బిగింపు) దగ్గర ఉంచుకోండి.

మరో సభ్యుని ప్రశ్న:

నా దగ్గర జాక్ (వైరు తగిలించే రంధ్రం) లేని అకూస్టిక్ గిటార్ ఉంది. నేనూ ఈ దారిలో వెళ్లవచ్చా?

మొదటి సమాధానకర్త:

వెళ్లవచ్చు. 2014 ఎడిషన్ డిజిటల్ అమ్మకం 2023లో ఆగిపోయింది, కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి మిగిలింది 2022లో వచ్చిన రాక్‌స్మిత్ ప్లస్. అది చందా పద్ధతిలో నడుస్తుంది, ఫోన్‌నే మైకుగా వాడుకోనిస్తుంది. మైకు గదిలోని ఇతర శబ్దాలను కూడా పట్టుకుంటుంది, కనుక ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వైరు హెడ్‌ఫోన్లతో ఆలస్యం దాదాపు పోయింది. బఫర్‌ను 1కి దించితే చిటపట శబ్దాలు వస్తున్నాయి. అన్నిటికన్నా లావైన ఆరో తీగ మీద నేను సరిగా మీటినా ఆట కొన్నిసార్లు తప్పుగా చూపిస్తోంది.

మొదటి సమాధానకర్త:

చిటపట వస్తే మీ కంప్యూటర్ ఆ వేగాన్ని అందుకోలేకపోతోందని అర్థం. 2 దగ్గర ఆపేయండి. ఆరో తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. స్వరాన్ని గుర్తించడానికి ఆటకు అలాంటివి కొన్ని కావాలి కనుక, మంద్ర స్వరాల దగ్గర అది తడబడడం సహజం. గిటార్ మీద వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా తిప్పి, ఆటలోని క్యాలిబ్రేషన్‌ను (మీ గిటార్ శబ్ద స్థాయికి ఆటను సరిచేసే ఏర్పాటు) మళ్లీ చేయండి. అది గట్టిగా మీటమన్నప్పుడు మొహమాటపడకుండా గట్టిగానే మీటండి. ప్రతి పాటకు ముందు శ్రుతి చూసుకోండి. తీగలు తుప్పు పట్టి నల్లబడి ఉంటే సెట్ మొత్తం మార్చండి. ఆ తరువాత కూడా తప్పు చూపిస్తే, ఆరో తీగను ఊరికే మీటినప్పుడు, పన్నెండో ఫ్రెట్ వద్ద నొక్కి మీటినప్పుడు ట్యూనర్‌లో గమనించండి. ఆ రెండూ ఒకే ఇ స్వరాన్ని చూపాలి. ఊరికే మీటినప్పుడు సరిగా ఉండి, పన్నెండో ఫ్రెట్ వద్ద ముల్లు పక్కకు పోతే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనుకునే భాగం) వద్ద తీగ పొడవును సరిచేయించాలి. వాద్యాలు బాగుచేసే దుకాణంలో అడిగితే ఆ పని చేసి ఇస్తారు.