సమస్య: మొత్తమునకు మించె ముక్కలన్ని

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం. యతి మొ–ము. పెద్ద పూర్ణసంఖ్య మీదే పూరించాలి. సంఖ్యను మినహాయించి మిగతా కారణాంకాలే ఇక్కడ ముక్కలు. వాటి మొత్తం సంఖ్యకు సమానమైతే పరిపూర్ణం, తగ్గితే న్యూనం, మించితే సమృద్ధం.

వామగతి:
నేత్ర గిరులు రసము నింగి గగనములు
చంద్రుఁ డద్రి రసము జరుగ వెనుక
నిలుచు సంఖ్య, దాని నిజకారణాంకాలు
మొత్తమునకు మించె ముక్కలన్ని

అంకపాళి: భూతసంఖ్యలు (అంకెలకు బదులుగా వాడే మాటలు) చక్కగా కుదిరాయండీ. 2, 7, 6, 0, 0, 1, 7, 6 కుడి నుంచి ఎడమకు పేర్చితే 6,71,00,672. “జరుగ వెనుక” అనడం మంచి పని; ఆ మాట లేకుంటే తెలియనివారు 2,76,00,176 అని చదువుతారు. ఇది ఐదో పరిపూర్ణసంఖ్య 3,35,50,336కు రెట్టింపు, అంటే 2^13 × 8191. అన్ని కారణాంకాల మొత్తం 16,383 × 8,192 = 13,42,09,536. సంఖ్యను తీసేస్తే 6,71,08,864. మిగులు సరిగ్గా 8,192. దోషం మూడో పాదంలో ఉంది. కూడిక మాట లేదు కనుక ఒక్కొక్క ముక్కే సంఖ్యను మించినట్టు అర్థం వస్తోంది. “దాని” బదులు “కూడ” అంటే గణం చెడదు, అన్వయం కుదురుతుంది.

పద్యప్రియ:
రెండు నిరువదైదు రెట్లుగా హెచ్చిన
చిన్న ముక్క లెన్నొ చెంతఁ జేరు
ఒకటి మొదలుకొనుచు నొక్కటొక్కటి గూడ
మొత్తమునకు మించె ముక్కలన్ని

అంకపాళి: నడక హాయిగా ఉంది, మూడో పాదం మరీ బాగుంది. లెక్క మాత్రం నిలవదు. రెట్లు అంటే 50 అవుతుంది; దాని ముక్కలు 1+2+5+10+25 = 43. ఘాతమే మీ ఉద్దేశమైతే 2^25 = 3,35,54,432, ముక్కల మొత్తం 3,35,54,431. రెండు ఘాతాలన్నిటికీ ఇలా ఒక్కటే తక్కువ పడుతుంది, ఎంత పెద్దదైనా న్యూనమే. ఒక్క మూడు చేర్చండి చాలు: 6 పరిపూర్ణం కనుక అంతకు మించిన దాని గుణిజాలన్నీ సమృద్ధాలే.

లెక్కలబడి:
మూడు రెండు లేక ముక్కలై విరిగెడు
సంఖ్యలందుఁ జిన్న సంఖ్య యదియె
పదియు నంకె లుండు, భాగముల్ గూర్చిన
మొత్తమునకు మించె ముక్కలన్ని

అంకపాళి: అరుదైన సంఖ్యను పట్టారు! 539,14,11,025 = 5^2 × 7 × 11 × 13 × 17 × 19 × 23 × 29. ముక్కల మొత్తం 540,78,97,775. “భాగముల్”, “ముక్కలు” పునరుక్తి; “పద్దుగాఁ గూర్చిన” అంటే యతి కూడా నిలుస్తుంది.

పద్యప్రియ: ధన్యవాదాలండీ. సవరించిన మొదటి పాదం:
మూడు తోడ రెండ్లు ముప్పదింటిని హెచ్చ
అంటే 3 × 2^30 = 322,12,25,472. ముక్కల మొత్తం 5 × 2^30 − 4, అనగా 536,87,09,116. మిగతా మూడు పాదాలు యథాతథం.