బ్రిసేయిస్ నోట ఈనాటి మాటలు పెట్టొచ్చా?

సగంచదువరి:
ట్రాయ్ యుద్ధాన్ని ఆడవాళ్ల వైపు నుంచి తిరగరాసిన ఇంగ్లీషు నవలలు ఈమధ్య వరసగా మూడు చదివాను. మూడింటిలోనూ నాకు ఒకటే ఇబ్బంది. మొగుణ్ణి చంపిన అకిలీస్ గుడారంలో బానిసగా పడున్న పిల్ల బ్రిసేయిస్, నిన్ననే ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చినట్టు మాట్లాడుతుంది. మూడు వేల ఏళ్ల కిందటి మనిషికి మన అభిప్రాయాలు తొడిగి ‘గొంతు ఇచ్చాం’ అంటున్నారు, దాన్ని మామూలుగా డబ్బింగ్ అంటారు. కోప్పడకుండా చెప్పండి, నేను తప్పా?

పాతకాగితం:
డబ్బింగ్ సరే, ఒరిజినల్‌లో ఆమె డైలాగ్ ఎంతుందో చూశారా? ఆ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్ 24 సర్గలు, పదిహేను వేల పైచిలుకు పంక్తులు. కథ నడిచేదే బ్రిసేయిస్ నీదా నాదా అని గ్రీకు వీరుడు అకిలీస్, సేనకి పెద్ద అగమెమ్నాన్ పడ్డ గొడవ మీద. ఆమె నోరు విప్పేది మాత్రం 19వ సర్గలో ఒకే ఒక్కసారి, పద్నాలుగు పంక్తులు. అకిలీస్ స్నేహితుడు పాట్రోక్లస్ శవం మీద పడి ఏడుస్తూ, నా కళ్లముందే మొగుడూ ముగ్గురు అన్నదమ్ములూ పోతే నువ్వు నన్ను ఏడవనివ్వలేదు, అకిలీస్‌తో పెళ్లి చేయిస్తానన్నావు అంటుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లూ ఏడ్చారట, పైకి పాట్రోక్లస్ కోసం, లోపల ఎవరి బాధకి వాళ్లు. ఇది హోమర్ మాటే. మన వైపు చావు జరిగిన ఇళ్లలో కూర్చున్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ‘ఎవరి బాధకి వాళ్లు’లో ఎన్ని నవలలున్నాయో చూడండి.

సగంచదువరి:
రాయొద్దనలేదండీ. పెళ్లి మాట ఆమెకి ఓదార్పుగానే అనిపించింది, ఆ మాట అన్నవాడు పోయాడనే ఏడుస్తోంది. మనకి మింగుడుపడేది కాదు కాబట్టి రచయితకి దాన్ని దాటేయాలనిపిస్తుంది. నా భయమంతా అదే.

రేవుగట్టు:
ఓదార్పా? ఇంకో దారి ఉంటే కదా. మొదటి సర్గలో అగమెమ్నాన్ భటులు తీసుకుపోతుంటే ఆమె ‘ఇష్టం లేకుండా’ వెళ్లిందని ఒక్క మాట ఉంది, అది కూడా చదవండి. హోమర్‌దే ఇంకో కావ్యం, ఒడిస్సీ 22వ సర్గ ఇంకా ఘోరం. ఒడిస్సియస్ ఇల్లు చేరి, భార్య పెనెలొపీ వెంటపడ్డవాళ్లని చంపేశాక జరిగింది ఇది. యాభైమంది దాసీల్లో పన్నెండుమంది తప్పు చేశారని తేల్చి, ముందు వాళ్లచేతే శవాలు మోయించారు, నెత్తురు పడ్డ బల్లలు స్పాంజితో కడిగించారు, ఆ తర్వాత కొడుకు టెలిమాకస్ ఓడ తాడు కట్టి అందరినీ వరసగా ఉరేశాడు. కాళ్లు కొట్టుకున్నాయి, ఎంతోసేపు కాదు అని ఉంటుంది. కాళ్లు చూసినవాడు ఆ చోట ఒక్కదాని పేరు కూడా చెప్పడు!

ఉల్లిపొర:
ఊర్మిళాదేవి నిద్ర పాట మా అమ్మమ్మ పాడేది. పద్నాలుగేళ్లకి లక్ష్మణుడొచ్చి తాకితే ఎవడో పరాయివాడనుకుని, పరాయి ఆడదాన్ని కోరిన ఇంద్రుడూ రావణుడూ ఏమయ్యారో తెలీదా అని నిలదీస్తుంది. వాల్మీకిలో ఇది లేదు, పాడుకున్న ఆడవాళ్లు వాళ్ల భయంలోంచి కట్టుకున్నారు. దాన్నెవరూ డబ్బింగ్ అనలేదే?

సగంచదువరి:
దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ ఆ ఊర్మిళ పాపం, పరువు, పుట్టింటి పేరు అంటూ ఆ లోకంలోంచే మాట్లాడుతోంది. నేనడిగేదీ అంతేనండీ.

పాతకాగితం:
ఆ లోకం కావాలంటే గ్రీసులోని పైలాస్ కోటలో దొరికిన మట్టి పలకలున్నాయి, సుమారు క్రీ.పూ. 1200 నాటివి. 1952లో మైకేల్ వెంట్రిస్ వాటి మీది లిపి గుట్టు విప్పాడు. చూస్తే రాజుగారి కోట లెక్కలు. మిలేటస్ ఆడవాళ్లు ఇంతమంది, నైడస్ వాళ్లు ఇంతమంది, పిల్లలు ఇంతమంది, వాళ్లకి ధాన్యం ఇంత, అంజూర పళ్లు ఇంత. ఆ రెండూ సముద్రం అవతలి ఊళ్లు. పిండి విసిరేవాళ్లు, నూలు వడికేవాళ్లు, స్నానాల దగ్గర పనిచేసేవాళ్లు. అందరూ బందీలేనా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. అయినా బ్రిసేయిస్‌ని తిరగలి ముందు కూర్చోబెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సగంచదువరి:
అంజూరాల లెక్కతో మొదలయ్యే నవలైతే ఇప్పుడే కొంటా. ఒక్క షరతు. ఆ పన్నెండుమంది దాసీల్లో పెనెలొపీని నిజంగానే నోటికొచ్చినట్టు తిట్టినదాన్ని కూడా ఉండనివ్వాలి. అందరినీ అమాయకుల్ని చేసేస్తే మళ్లీ బొమ్మలే అవుతారు.

రేవుగట్టు:
ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం? తిట్టినందుకు ఉరేంటి అనేగా మొదట్నుంచీ అడుగుతున్నది.