నల్లదూడ పుడితే సూది మారినట్టేనా?

టంగుటూరు రైతు:
మా ఆవు నల్లది. దాని తల్లి ఒంగోలు, తండ్రి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాలజాతి). ఈసారి ఎదకు వచ్చినప్పుడు ఒంగోలు ఆబోతు వీర్యం సూది వేయించాను. మొన్న ఈనింది. కోడెదూడ. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెలుపు తప్ప ఒళ్లంతా బొగ్గు. సూది మారిందని వీధి వీధంతా అంటోంది. వేసినాయనేమో ఒట్టు పెట్టుకుంటున్నాడు. ఎవరిని నమ్మాలి?

ఆత్మకూరు పాతకాపు:
తండ్రి ఒంగోలు అయితే మూపురం మీదైనా కాస్త తెలుపు కనబడదా? సూది మారింది. అందులో అనుమానమే లేదు.

కొండపి నుంచి:
నల్లది ఎండకు ఆగదు. అమ్మేయండి.

పశువైద్య విద్యార్థిని, నెల్లూరు:
బాబాయి గారూ, ఇక్కడ నలుపుదే పైచేయి. ఆ జన్యువు ఒక్కటి అందినా దూడ నల్లగా పుడుతుంది. ఈ ఆవులో తండ్రి ఇచ్చిన నలుపు ఒకటి, ఒంగోలు తల్లి ఇచ్చినది ఒకటి ఉన్నాయి. దూడకు ఏది పోతుందన్నది ప్రతి ఈతకూ బొమ్మా బొరుసే. ఆబోతు ఎంత పాలనురుగులా ఉన్నా ఆ నలుపును ఆపలేదు. మన ఒంగోలు పశువులే బ్రెజిల్ చేరి 'నెలోరే' అయ్యాయి. అక్కడ మాంసం కోసం వాటిని ఆంగస్ అనే నల్లటి విదేశీ జాతితో కలిపితే తెల్లటి తల్లుల పక్కన నల్లదూడలు తిరుగుతుంటాయి.

అలాగని సూది మారలేదని రంగు సాక్ష్యం చెప్పదు. పొరపాటున హెచ్‌ఎఫ్ పడినా దూడ నల్లదే కావచ్చు. అప్పుడు ఒంగోలు రక్తం పావువంతే. సరైన సూదే అయితే ముప్పావు. ఆ తేడా గంగడోలులో, మూపురంలో తెలుస్తుంది. నాలుగు నెలలు ఆగి చూడండి.

ఆత్మకూరు పాతకాపు:
అమ్మా, నీ లెక్క బాగుంది. సంతలో మాత్రం తెల్లగా ఉంటేనే ఒంగోలు అంటారు, ధర కడతారు.

పశువైద్య విద్యార్థిని, నెల్లూరు:
ఇదే ఆవుకు తెల్లదూడ పుట్టినా పావువంతు హెచ్‌ఎఫ్ ఉండేది కదా, దాన్ని ఒంగోలు అని కొనేవారా? అమెరికాలో పేరున్న ఒక ఆంగస్ మాంసం ముద్రకు పశువు చాలావరకు నల్లగా ఉండాలి. అంత రంగు పట్టింపు ఉన్నవాళ్లే మూపురం కూడా కొలుస్తారు, రెండు అంగుళాలు దాటితే తీసేస్తారు. నలుపు చాటున ఏముందో వాళ్లకు తెలుసు.

టంగుటూరు రైతు:
పొద్దున తడిమి చూశాను. మెడ కింద చర్మం మడతలు మడతలుగా వేలాడుతోంది. మూపురం చోట బొటనవేలంత మెత్తటి ఉబ్బు తగిలింది. సూది వేసినాయనకు ఫోను చేశాను. రెండుసార్లు చేసినా ఎత్తలేదు.