ఫ్లై లైన్ కొనలో లూప్ చీలింది, పక్కన పగుళ్లు. కొత్తది కొనాల్సిందేనా?

గ్వాడలూప్_గాలం:
అందరికీ నమస్కారం. ఆస్టిన్‌లో ఉంటాం, చలికాలంలో కాన్యన్ డ్యామ్ కింద గ్వాడలూప్ నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్తుంటా. నాది 5 వెయిట్ (బరువు నంబరు) ఫ్లోటింగ్ ఫ్లై లైన్, అంటే నీటి మీద తేలే, పూత వేసిన లావుపాటి గాలం తాడు. కంపెనీ అతికించి ఇచ్చిన లూప్ మొదట్లో చీలి లోపలి దారం బయటపడింది, అక్కడి నుంచి ఓ రెండడుగుల దాకా సన్నటి పగుళ్లు. కొన మునిగిపోతూ డ్రై ఫ్లైని (నీటి మీద తేలే పురుగులాంటి ఎరని) కూడా లాగేస్తోంది. లీడర్ (లైన్‌కీ ఎరకీ మధ్య ఉండే సన్నటి నైలాన్ దారం) ఇప్పుడు దేనికి కట్టాలి?

ఏటిగట్టు:
ఆ లూప్ మీద నమ్మకం పెట్టుకోకండి, కోసేయండి. మూడు నాలుగు అంగుళాలు పోతే ఏమీ కాదు, కానీ పగుళ్లున్నాయని రెండడుగులూ కోస్తే కొన లావెక్కి నీటి మీద దబ్బున పడుతుంది. తర్వాత లీడర్ లావు చివరతో నేరుగా నెయిల్ నాట్ అనే చుట్ల ముడి వేయండి. ఖాళీ పెన్ను రీఫిల్ ముక్క ఒకటి లైన్ పక్కన పెట్టి, రెండిటి మీదా లీడర్‌ని ఆరేడు చుట్లు పక్కపక్కనే తిప్పి, దాని చివరను గొట్టంలోంచి దూర్చి, గొట్టం లాగేసి, ఉమ్మి తడిపి మెల్లగా బిగించాలి. చుట్లు లైన్ పై పూతలోకి (కోటింగ్‌లోకి) దిగబడితేనే అది పట్టు. కోటింగ్ లోపలి దారం నుంచి ఊడి జారుతుంటే మాత్రం ఎంత బిగించినా లాభం లేదు, గట్టిగా ఉన్నచోటి దాకా ఇంకాస్త కోయాల్సిందే.

మాటిమాటికీ లీడర్ మార్చే అలవాటుంటే లైన్‌ని వెనక్కి మడిచి, సన్నటి నైలాన్‌తో దాని మీద రెండు నెయిల్ నాట్లు వేస్తే మంచి లూప్ వస్తుంది. లూప్‌లో లూప్ వేసేటప్పుడు రెండూ ఒకదాన్నొకటి సమానంగా పట్టుకోవాలి. ఒకటి వెనక్కి మడతపడి రెండోదాన్ని ఉరిలా బిగిస్తే అక్కడే కోటింగ్ తెగుతుంది, అందుకే బిగించే ముందు ఒకసారి కళ్లతో చూడండి.

డెన్వర్_తమ్ముడు:
పగుళ్ల సంగతి నేను చెప్తా అన్నా. లైన్ మునగడానికి కారణం అవే, నీళ్లు లోపలి దారంలోకి వెళ్తున్నాయి. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, వంగే రకం యూవీ జిగురు పల్చగా పూయండి. సూపర్ గ్లూ వద్దు, గట్టిపడి పక్కనే కొత్త పగులు తెస్తుంది. లోపలి దారం పోగులు తెగి ఉంటే మాత్రం ఏ జిగురూ ఆదుకోదు, లైన్ మార్చేయండి. ఇంకోటి, దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది కోటింగ్‌ని తినేస్తుంది, సన్‌స్క్రీన్ కూడా మంచిది కాదు, చేతులు కడుక్కునే లైన్ ముట్టుకోండి. రాడ్ రింగుల్లో దూది తిప్పి కూడా చూడండి, పోగులు చిక్కుకుంటే అక్కడ గాడి పడినట్టే, అదే లైన్‌ని కోస్తుంది.

గ్వాడలూప్_గాలం:
దూది తిప్పా తమ్ముడూ, చిట్టచివరి రింగులో చిక్కుకుంటోంది! అది ఇంట్లో మార్చుకోవచ్చా?

ఏటిగట్టు:
మార్చుకోవచ్చు. చాలావాటికి వేడికి కరిగే జిగురే వాడతారు. లైటర్ సెగ రింగు గొట్టానికే తగిలించండి, రాడ్‌కి తగలనివ్వకండి, వదులవ్వగానే తిప్పకుండా నేరుగా లాగండి. కొత్తది అదే కొలతది కొని, మిగతా రింగులతో వరసలో పెట్టి అతికించండి. ముందు రింగు మార్చాకే లైన్ ఎక్కించండి.