ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు బ్రాంచికి ఉండే కోడ్) నమోదు రెండుసార్లు రిజెక్ట్ అయింది, ప్రొప్రైటర్‌షిప్ వాళ్లు ఎవరైనా దారి చెప్పగలరా?

మాది గుంటూరు. ప్రొప్రైటర్‌షిప్ (ఒక్కరే యజమానిగా ఉండే ఫర్మ్) మీద మిరప పొడి ఎగుమతి మొదలుపెడుతున్నాను. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్) తీసుకున్నాను. స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. ఆ రెండూ ఇబ్బంది లేకుండానే అయ్యాయి. ఆగింది ఏడీ కోడ్ దగ్గరే. పోర్టులో అది నమోదు కాకపోతే షిప్పింగ్ బిల్లు (ఎగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) వేయలేం కదా.

ఏడీ కోడ్ కోసం బ్యాంకు ఇచ్చిన లెటర్ అప్‌లోడ్ చేసిన 4 రోజులకు 'పేరు సరిపోలడం లేదు' అని వెనక్కి వచ్చింది. ఐఈసీలో ఫర్మ్ పేరు ఉంది, లెటర్‌లో నా పేరు మాత్రమే ఉంది. ఫర్మ్ పేరుతో కొత్త లెటర్ రాయించి మళ్లీ పంపితే అదే కారణం చెప్పారు. ఐఈసీ ప్రొఫైల్‌లో కరెంట్ అకౌంట్ నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, జీఎస్టీ వివరాలన్నీ సరిచూశాను, తేడా లేదు. పాన్ మాత్రం నా పేరు మీదే ఉంది. బ్రాంచిలో ఇలాంటి లెటర్ ఇంతకుముందు ఎవరూ రాయలేదట, ఫార్మాట్ నన్నే తెమ్మంటున్నారు. ఈ నెల 25 లోపు దుబాయ్‌కి సరుకు ఎక్కించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

ప్రొప్రైటర్‌షిప్ మీద ఏడీ కోడ్ నమోదైనవాళ్లు దయచేసి చెప్పండి: మీ బ్యాంకు లెటర్‌లో ఫర్మ్ పేరు ఒక్కటే రాయించారా, పక్కనే ప్రొప్రైటర్ పేరు కూడా రాయించారా?